మూడు సఫోక్‌లు

సఫోక్ అంటే ఏమిటని మా ఊళ్ళో ఎవరినీ అడక్కూడదు. అడిగితే పూట గడిచిపోతుంది. పటం చూసేవాడికి అది ఇంగ్లాండు తూర్పు ఒడ్డున ఉన్న ఒక కౌంటీ పేరు. కానీ మా ఊళ్ళో పటం బడిగోడకి తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు, దాని మొహం చూసేవాళ్ళూ తక్కువే. గుర్రాలవాడికి సఫోక్ అంటే గుర్రం. ఇటుకరంగు ఒళ్ళు, బలిసిన మెడ, పొట్టి కాళ్ళు, ఎంత బరువు కట్టినా కాదనని మనసు. గొర్రెలకాపరికి సఫోక్ అంటే గొర్రె. మొహం నలుపు, కాళ్ళు నలుపు, మధ్యలో ఉన్నదంతా తెల్లటి ఉన్ని. ఇక యుద్ధాలకి వెళ్ళొచ్చినవాళ్ళకీ, వెళ్ళినవాళ్ళు తిరిగిరాని ఇళ్ళవాళ్ళకీ సఫోక్ అంటే దండు. ఆ అర్థాన్ని మాత్రం ఎవరూ పైకి తీసేవారు కాదు.

మొదటి రెండు అర్థాల కోసం జేబెజ్ కెరిడ్జ్, ఎఫ్రెమ్ పెటిట్ ముప్పై ఏళ్ళు పబ్బులో కొట్టుకున్నారు. జేబెజ్ బోరెట్ దొరగారి పొలంలో పెద్ద గుర్రాలవాడు. పొద్దున కొట్టంలోంచి మొదట కాలు బయట పెట్టేది అతనే. అతని గుర్రం దాటాకే మిగతా గుర్రాలు దాటాలి. ఎఫ్రెమ్ అదే పొలంలో గొర్రెలకాపరి, జేబెజ్ అక్క కెజయా మొగుడు. అందుకని తిట్లలో మొహమాటం ఉండేది కాదు.

"బావా, నీ సఫోక్‌ని నాగలికి కట్టి చూపించు, ఈ గ్లాసు నీకిచ్చేస్తా," అనేవాడు జేబెజ్.

"నీ సఫోక్‌ని కోసి కూర వండి చూపించరా, ఈ పబ్బంతా నీకే ఇప్పిస్తా," అనేవాడు ఎఫ్రెమ్.

వినేవాళ్ళు ప్రతి శనివారం కొత్తగా విన్నట్టే నవ్వేవాళ్ళు. వాళ్ళ నవ్వు దొరగారి దాకా వెళ్ళింది. దానివల్లే ఇంత జరిగింది.

యుద్ధమయ్యాక అయిదో ఏడు కోతలు ముగిసి, దొరగారి పెద్ద ధాన్యపు కొట్టులో పనివాళ్ళందరికీ విందు పెట్టారు. బోరెట్ దొర చెడ్డవాడని చెప్పను. ఎదుటివాడి గుండె అదిరితే చూసి ముచ్చటపడే రకం. అంతే తేడా. బీరు మూడోసారి పోయించాక లేచి నిలబడ్డాడు.

"ట్రాక్టరు వస్తోంది. నాలుగు గుర్రాలనీ, నలభై గొర్రెలనీ కలిపి మేపడం ఇక నావల్ల కాదు. ఒక సఫోక్ ఉంటుంది, ఒక సఫోక్ పోతుంది. ఏది పోతే దాని మనిషి కూడా నెలాఖరున మైకెల్మాస్ పండగ నాటికి నా ఇల్లు ఖాళీ చేయాలి. ముప్పై ఏళ్ళుగా మీరు తేల్చుకోలేనిది నేను తేల్చి పెడతాను, సరేనా?"

ఎవడో తాగుబోతు ఒక్కడు చప్పట్లు కొట్టాడు.

పందెం తేలికైనదే. మా వైపు గుర్రం కొనేటప్పుడు వెనకటి నుంచీ ఒక పరీక్ష ఉంది. కొట్టేసిన పెద్ద చెట్టుకి గుర్రాన్ని కడతారు. మనిషి ఎదురుగా నిలబడి పిలుస్తాడు. చెట్టు కదలక్కర్లేదు. లాగి లాగి గుర్రం ముందు మోకాళ్ళ మీదికి వంగితే చాలు, అది అసలైన సఫోక్ కిందే లెక్క. వచ్చే శనివారం పొలంలో పడి ఉన్న ఎల్మ్ చెట్టుకి జేబెజ్ ఆడగుర్రం డెపర్‌ని కట్టాలి. వంగితే గుర్రాలుంటాయి. వంగకపోతే గొర్రెలుంటాయి.

జేబెజ్ గ్లాసు దించకుండానే నవ్వాడు. డెపర్‌కి పద్నాలుగేళ్ళు. పుట్టినప్పుడు గడ్డితో తుడిచి నిలబెట్టింది అతనే. అతను ఎదురుగా నిలబడి నాలిక మీద ఒక్క చప్పుడు చేస్తే చాలు, ఆ గుర్రం ఇప్పటికి ఎనిమిది సంతల్లో మోకాళ్ళు వంచింది. ఒక్కసారీ తప్పలేదు.

"బావా, సామాను సర్దుకో. నీ గొర్రెల్ని లారీ ఎక్కించడానికి నేనే వస్తాలే," అన్నాడు అందరికీ వినబడేలా.

ఎఫ్రెమ్ అరవై ఏళ్ళ మనిషి, గోడవైపు తిరిగి టోపీ సర్దుకున్నాడు. జేబెజ్ అంతటితో ఊరుకున్నా బాగుండేది. ఊరుకోలేదు. పబ్బులో ఆ వారమంతా అదే పాట. గొర్రెలా "మే" అని అరిచి చూపించేవాడు. కెజయా రొట్టెల దుకాణంలో కనబడితే అక్కడా అరిచాడు. ఆమె డబ్బులిచ్చి, రొట్టె తీసుకుని వెళ్ళిపోయింది.

ఇక్కడ రెండు విషయాలు చెప్పాలి.

గుర్రాలవాళ్ళ దగ్గర ఒక మందుండేది. ఎండబెట్టిన కుందేలు కాలేయం, ఇంకా చెప్పకూడనివి కొన్ని కలిపి నూరిన పొడి. గుర్రం ముక్కు మనిషి ముక్కులాంటిది కాదు. ఆ పొడి గడపకి రాస్తే గుర్రం గడప దాటదు. మనిషికి రాస్తే ఆ మనిషి దగ్గరికి రాదు. కొరడాతో కొట్టినా రాదు. తండ్రి కొడుక్కి తప్ప చెప్పడు. దొరల దగ్గర దాని మాటెత్తకూడదని ఒట్టుంటుంది. జేబెజ్ తండ్రి కూడా గుర్రాలవాడే. ఆయన పొయ్యి దగ్గర ఆ పొడి నూరేటప్పుడు పెద్దపిల్ల కెజయా పక్కనే కూర్చుని మేజోళ్ళు కుట్టుకునేది. ఆడపిల్లకేం తెలుస్తుందిలే అని ఆయన పట్టించుకునేవాడు కాదు.

రెండోది, జేబెజ్‌కి వాసన తెలియదు. మొదటి యుద్ధంలో అతనూ సఫోక్ దండులోనే ఉన్నాడు. ఫ్రాన్సులో విషవాయువు పీల్చి, ఊపిరితో బయటపడ్డాడు, ముక్కు పోయింది. గడ్డి బూజుపట్టిందో లేదో వాసన చూసి చెప్పలేనివాడు గుర్రాలవాడేమిటని ఎవరైనా అంటారని ముప్పై మూడేళ్ళుగా దాచాడు. గడ్డి పట్టుకుని మొహం దగ్గర పెట్టుకుని తలాడించేవాడు. భార్యకి తెలుసు, ఆమె పోయింది. మిగిలింది అక్క ఒక్కతే. ప్రతి శుక్రవారం వచ్చి అతని ఇల్లు ఊడ్చి, బట్టలు బాగుచేసి వెళ్ళేది ఆమే.

ఆ శుక్రవారం కూడా వచ్చింది. అతని మంచి కోటు పెట్టెలోంచి తీసి, ఊడిన గుండీ కుట్టి, ఇస్త్రీ చేసి, కుర్చీ వీపుకి వేసి వెళ్ళింది. సంతలకీ, చావులకీ మాత్రమే వేసుకునే నల్ల కోటు అది.

"అక్కకి కోపం లేదన్నమాట," అనుకుని జేబెజ్ తృప్తిగా పడుకున్నాడు.

శనివారం ఊరంతా ఎల్మ్ చెట్టు దగ్గరే ఉంది. డెపర్ జూలు జడలు అల్లి రిబ్బన్లు కట్టారు. ఒళ్ళు దువ్వితే రాగి చెంబులా మెరుస్తోంది. దాన్ని రెండో గుర్రాలవాడు విల్ఫ్రెడ్ కొట్టంలోంచి తెచ్చి, గొలుసులు చెట్టుకి తగిలించాడు. తరువాత జేబెజ్ పక్కకి వచ్చి ముక్కు చిట్లించాడు.

"పెద్దాయనా, కోటు ఎన్నాళ్ళకి తీశావేంటి? పెట్టెలో ఎలకేమైనా చచ్చిందా?"

"పందేనికే కదా, పెళ్ళికి కాదుగా," అన్నాడు జేబెజ్. తనకీ వాసన తెలుస్తున్నట్టు భుజం దగ్గర ముక్కు పెట్టుకుని చూసి నవ్వాడు కూడా.

వెళ్ళి డెపర్ ఎదురుగా పది అడుగుల దూరంలో నిలబడ్డాడు. గాలి అతని వీపు మీద నుంచి గుర్రం వైపు వీస్తోంది. నాలిక మీద చప్పుడు చేశాడు.

డెపర్ ఒక అడుగు ముందుకేసింది. గొలుసులు బిగిశాయి. తల ఎత్తింది. ముక్కుపుటాలు విచ్చుకున్నాయి. అంతే, నాలుగు కాళ్ళూ నేలలో దిగ్గొట్టినట్టు ఆగిపోయింది.

"రా తల్లీ," అన్నాడు జేబెజ్, ఒక అడుగు దగ్గరికి వేసి.

గుర్రం వెనక్కి జరిగింది. అతను ఇంకో అడుగు వేశాడు. అది కళ్ళు తెల్లగా తిప్పి, వెనక్కి, ఇంకా వెనక్కి నెట్టుకుని, చెట్టుకి వెనక కాళ్ళు తగిలి గొలుసుల్లో చుట్టుకుపోయింది. విల్ఫ్రెడ్ పరిగెత్తి పట్టుకోకపోతే కాలు విరిగేది.

మందు పడిందని జేబెజ్‌కి అప్పుడే అర్థమైంది. మెడపట్టీ తుడిచాడు. కళ్ళెం తుడిచాడు. మందు విరవడానికి పాలు తెప్పించి దాని ముక్కు కడగబోయాడు. దగ్గరికి వెళ్ళేకొద్దీ అది మరింత వణికింది. తుడవాల్సింది ఏదో అతనికి తెలియలేదు. వాసన చూసి కనిపెట్టే ముక్కు లేదు. పక్కవాణ్ణి వాసన చూడమంటే తన ముక్కు సంగతి బయటపడుతుంది. మూడు వందలమంది చూస్తుండగా జేబెజ్ కెరిడ్జ్ తన గుర్రం చుట్టూ గుడ్డపేలిక పట్టుకుని తిరిగాడు. గుర్రం అతన్నుంచి తప్పించుకుంటూ తిరిగింది.

బోరెట్ దొర గడియారం చూసి మూత వేశాడు.

"మనిషిని చూస్తేనే జడుసుకునే గుర్రం సఫోక్ ఎలా అవుతుంది జేబెజ్? గొర్రెలుంటాయి. సోమవారానికి రమ్మని కబేళా లారీకి కబురు పెడతాను," అన్నాడు.

ఎఫ్రెమ్ వచ్చి భుజం మీద చెయ్యి వేయబోయాడు. "నీ పనేనా ఇది?" అన్నాడు జేబెజ్ ఆ చెయ్యి తోసేసి. ఎఫ్రెమ్ మొహం ఏమీ అర్థంకాక తెల్లబోవడం చూసి, ఇతను కాదని తెలుసుకున్నాడు. అయినా నోరు ఊరుకోలేదు. అనకూడనివన్నీ అన్నాడు.

ఆదివారం మధ్యాహ్నం పని చొక్కాతో కొట్టంలోకి వెళ్తే డెపర్ ఎప్పటిలాగే వచ్చి అతని ఛాతీకి తల ఆనించింది. పెద్ద తల, గేదె తలంత బరువు. జేబెజ్ దాని చెవుల వెనక గోకాడు. రెండు అడుగులు వెనక్కి వేసి, నాలిక మీద చప్పుడు చేశాడు. గొలుసు లేదు, చెట్టు లేదు. డెపర్ గడ్డి మీద ముందు మోకాళ్ళు వంచింది.

అతను ఒక్క పరుగున దొరగారి ఇంటికి వెళ్ళాడు. తండ్రికి చేసిన ఒట్టు అక్కడ, వంటగది గుమ్మం దగ్గర తీసి పారేశాడు. మందు ఉందని చెప్పాడు. ఎవరో డెపర్ మీద వాడారని చెప్పాడు. ఇప్పుడు విరిగిపోయిందని, మళ్ళీ వంగుతోందని, ఒక్కసారి వచ్చి చూడమని బతిమాలాడు.

బోరెట్ దొర శ్రద్ధగా విన్నాడు.

"అలాంటి మందుందని మా నాన్న చెప్తే నేను నమ్మలేదు సుమా. అయితే ఆ ఏడు నేను పాత రెండో గుర్రాలవాణ్ణి తీసేస్తానన్న మర్నాడు, కోతల నడుమ నాలుగు గుర్రాలూ కొట్టం గడప దాటకుండా భీష్మించాయే, రెండు రోజులు. అది ఎవరి పని జేబెజ్?"

జేబెజ్ చూపు తన బూట్ల మీదికి దిగింది.

"అనుకున్నాను. ఇవాళ ఆదివారం. ఆదివారం నేను ఏ జంతువు చేతా పని చేయించను, అది నీకు తెలుసు కదా. లారీ రేపు పొద్దున్నే వస్తుంది," అన్నాడు దొర, చాలా మర్యాదగా.

సోమవారం జేబెజ్ గడ్డం గీసుకుని నల్ల కోటు వేసుకున్నాడు. మనిషి పోతే వేసుకునేది ఇదే కదా, దానికి మాత్రం ఎందుకు వేసుకోకూడదు అనుకున్నాడు. కొట్టం దగ్గరికి వచ్చేసరికి మూడు గుర్రాలు అప్పటికే లారీలో ఉన్నాయి. డెపర్ ఎక్కనంటోంది. లారీ తలుపు కింద వాల్చిన బల్ల మీద కాలు పెట్టదు. కబేళా మనుషులిద్దరు వెనకనుంచి కర్రలతో కొడుతున్నారు. తొడ మీద రక్తం చారలు కట్టింది. అయినా అది తలతిప్పి జనంలో ఎవరికోసమో చూస్తోంది.

"ఆపండర్రా. కొట్టకండి. నేను ఎక్కిస్తాను," అన్నాడు జేబెజ్.

వాళ్ళు కర్రలు దించారు. అతను చెయ్యి చాచి, నెమ్మదిగా మాట్లాడుతూ దాని దగ్గరికి నడిచాడు. డెపర్ చెవులు ముందుకి వచ్చాయి. అతన్ని గుర్తుపట్టింది. ఆ తరువాత గాలి తగిలింది.

కర్రలకి జంకని గుర్రం ఒళ్ళంతా వణికింది. అతను ఇంకో అడుగు వేశాడు. దానికి వెనక లారీ, ముందు జేబెజ్. అది గిరుక్కున తిరిగి, బల్ల విరిగిపోతుందేమో అన్నంత చప్పుడుతో పరిగెత్తి లారీ ఎక్కేసి, చిట్టచివర మూలకి దూరింది. అక్కడ కూడా మొహం గోడకి పెట్టుకుంది.

"భలే తాతా. ముందే రాకపోయావా, మా చేతులు నొప్పి పుట్టాయి. నిన్ను చూస్తే చాలు, పారిపోయి ఎక్కింది," అన్నాడు లారీవాడు గొళ్ళెం వేస్తూ.

ఆ పూట జేబెజ్ ఎటు నడిచాడో అతనికే తెలియదు. కాళ్ళు అక్క ఇంటికి తీసుకెళ్ళాయి. తన ఇల్లు ఇంక పన్నెండు రోజులే తనది. సోమవారం బట్టలు ఉతికే రోజు. పెరట్లో రాగి బానలో నీళ్ళు మరుగుతున్నాయి. కెజయా చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉన్నాయి. ఎఫ్రెమ్ మేత పొలంలో ఉన్నాడు.

"వెళ్ళిపోయిందా?" అంది ఆమె.

"వెళ్ళిపోయింది. నా నుంచి పారిపోయి ఎక్కిందక్కా. నన్ను చూసి పారిపోయింది."

కెజయా చేతులు తుడుచుకుంది. "ఆ కోటు ఇలా ఇవ్వు. ఉడకబెట్టాలి. ఉత్త నీళ్ళకి పోదు అది."

జేబెజ్ ఒక గుండీ విప్పాడు. రెండోది విప్పబోయి ఆగిపోయాడు. అది శుక్రవారం ఆమె కుట్టిన గుండీ.

"నువ్వా?"

"నీ పొయ్యి గూట్లో డబ్బాలో పొడే. లోపలి గుడ్డకి పట్టించాను. గుండీ కుడుతూ కూచున్నాను కదా, తొందరేముంది."

"బావ కోసమా? ఇంటి కోసమా? నాతో ఒక్క మాట అంటే నేను..."

"ఏం చేసేవాడివి? ఇంకోసారి మే అని అరిచేవాడివి." ఆమె గొంతు పెరగలేదు. "ఇంటి కోసం కాదురా. ఇల్లు పోతే పోయేది. మీ బావకి ఇది తెలియదు. చెప్తే ఆపేసేవాడు, మంచివాడు. ఆర్థర్‌ని స్టేషనుకి తీసుకెళ్ళింది ఎవరు?"

ఆర్థర్ అక్కాబావల ఒక్కగానొక్క కొడుకు. ముప్పై తొమ్మిదిలో వాడికి పంతొమ్మిది. పొలం పనిలో ఉన్నాడు కాబట్టి యుద్ధానికి వెళ్ళక్కర్లేదు. తల్లి వద్దంది. మామ జేబెజ్ మాత్రం, మన పేరున్న దండురా, సఫోక్ అయినవాడు ఎక్కడా తలవంచడు అని నెలరోజులు చెవిలో ఊది, చివరికి డెపర్‌ని రిబ్బన్లతో బండికి కట్టి, ఊరంతా చూస్తుండగా వాణ్ణి ఊరేగించి తీసుకెళ్ళాడు. దండు సింగపూర్‌లో జపాను వాళ్ళకి చిక్కింది. అడవిలో రైలుదారి వేస్తూ పోయాడని మూడేళ్ళ తరువాత కాగితం వచ్చింది.

"వాడితో ఉన్న కుర్రాడొకడు పోయినేడు వచ్చాడు. నీకు చెప్పలేదు," అంది కెజయా. "దుంగకి తాళ్ళు కట్టి లాగించేవాళ్ళట మనుషుల చేత. మావాడు ఒంట్లో జ్వరం పెట్టుకుని లాగాడట. మోకాళ్ళ మీద పడి కూడా లాగాడట. దుంగ కదల్లేదు. వాడూ లేవలేదు. నువ్వు చెప్పింది నిజమేరా, తల వంచలేదు వాడు. మోకాళ్ళే వంచాడు. శనివారం నువ్వు మళ్ళీ రిబ్బన్లు కట్టి, అదే గుర్రాన్ని దుంగకి తగిలించి, వంగవే వంగవే అని ఊరందరి ముందూ నవ్వుతుంటే నేను నిలబడి చూడాలా?"

"దానికేం తెలుసక్కా. దాని తప్పేముంది?"

"ఏమీ లేదు. వాడి తప్పేముంది?"

బానలో నీళ్ళు పొంగి మంట మీద పడి చుయ్యిమన్నాయి. కెజయా వెళ్ళి ఒక కట్టె వెనక్కి లాగింది.

"మైకెల్మాస్ దాకా ఎందుకు, ఇవాళే వచ్చేయి. ఆర్థర్ గది ఖాళీగానే ఉంది. వాడి మంచం మీద పడుకో. పడుకుని, పొద్దున లేచి, నా చేతి కూడు తిను. నేను బతికున్నంతకాలం తిను. బల్ల మీద వేడిచేసిన నిన్నటి మాంసం, పిండి ఉండలు ఉన్నాయి, చల్లారిపోతాయి."

ఆమె లోపలికి వెళ్ళింది. కంచం పెట్టిన చప్పుడు, తరువాత ఇంకో కంచం పెట్టిన చప్పుడు వినిపించాయి.

జేబెజ్ కోటు విప్పాడు. లోపలి గుడ్డ పైకి తిప్పి రెండు చేతులతో మొహానికి పట్టుకున్నాడు. తన గుర్రం తన గురించి ఆఖరుసారి తెలుసుకున్నదేమిటో తనకి ఒక్కసారైనా తెలియాలని, ఊపిరితిత్తులు నొప్పిపుట్టేదాకా పీల్చాడు. మళ్ళీ పీల్చాడు. ఏ వాసనా రాలేదు.

"రా, తిను," అని పిలిచింది అక్క లోపలినుంచి.